జ్వరం లేదు

ఆ కాలేజీలో జబ్బంటే జ్వరమే. కడుపులో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ, అన్నం సయించకపోవడం, ఇవన్నీ కుర్రాళ్ల వేషాల కింద లెక్క. థర్మామీటరు చంకలో పెట్టి, రెండు నిమిషాలు ఆగి తీసి, వచ్చిన అంకెకు ఒక డిగ్రీ కలిపితే నూరు దాటాలి. దాటితే చీటీ మీద ‘జ్వరం’ అని రాస్తారు, ఆ గంటకు హాజరు పోదు. దాటకపోతే ‘జ్వరం లేదు’. అలాంటి చీటీలు మూడయ్యాయంటే ఆఫీసు నుంచి తండ్రికి ఉత్తరం వెళుతుంది, వచ్చి మీ వాణ్ణి తీసుకుపొమ్మని. నోట్లో పెట్టకుండా చంకలోనే ఎందుకంటే, ఎంగిలి. ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లో పెట్టడానికి కాంపౌండరు చెంచయ్యకు చేతులాడవు. స్పిరిటుతో కడిగినా ఎంగిలి ఎంగిలేనని ఆయన వాదన, ఆ వాదనను ఇరవై ఏళ్లుగా ఎవరూ గెలవలేదు.

సైకిలు స్టాండు దాటాక వరండా చివర ఒక్క గది, అదే డిస్పెన్సరీ. డాక్టరు గారు గురువారం సాయంత్రం అరగంట వచ్చి పోతారు. మిగతా రోజుల్లో చెంచయ్య, ఆయన ఎర్ర మిక్స్చరు, మూడు నెలల కిందట చేరిన నర్సు దేవకుమారి. మిషను ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు రాత్రింబవళ్లు పనిచేసిన మనిషికి ఇది పనిలాగే అనిపించేది కాదు. ఏమీ తోచక రోజూ బీరువా తుడిచేది.

అరవై ఒకటో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక సోమవారం. పది గంటల బెల్లుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. గుంటూరు గాలిలో కొత్త మిరప ఘాటు తిరుగుతోంది. చెంచయ్య కాగితం మడిచి కత్తెరతో గాట్లు పెట్టి, మైదా జిగురుతో సీసాలకు అంటిస్తున్నాడు. ఒక్కో గాటు ఒక మోతాదు. ఆ పనిలో ఆయన కంసాలి లాంటివాడు, వెంట్రుకవాసి తేడా రానివ్వడు.

“మళ్లీ వచ్చాడండీ మహానుభావుడు,” అన్నాడు తలెత్తకుండానే.

గుమ్మంలో పానకాలు నిలబడి ఉన్నాడు. పి.యు.సి. కుర్రాడు, కాలేజీలో మొదటి ఏడు, పదిహేడేళ్లుంటాయి. ప్రత్తిపాడు అవతల ఏదో పల్లె. చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఎడమ చెయ్యి ఒంటికి తగలకుండా, చంకలో కోడిపిల్లను దాచుకున్నవాడిలా ఎడంగా పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“ఏమయ్యా, ఏమైంది?”

“జొరమండీ.”

“కూర్చో. చెయ్యెత్తు.”

థర్మామీటరు తగిలీ తగలకముందే కుర్రాడు “అమ్మా” అని బల్ల మీంచి లేచిపోయాడు. దేవకుమారి బొత్తాలు తానే విప్పి చూసింది. చంకంతా కందిపోయి, నాలుగైదు చోట్ల పొక్కులు లేచాయి. ఇంకా దగ్గరికి వంగేసరికి తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి.

చెంచయ్య కత్తెర కింద పెట్టి వచ్చి ఒక్కసారి వాసన చూశాడు.

“మిరపకాయ!” అన్నాడు, దొంగను పట్టుకున్న పోలీసులాగా.

పానకాలు నేల చూపులు చూశాడు. “ఉల్లిపాయ పెట్టుకుంటే జొరమొచ్చుద్దని హాస్టల్లో చెప్పారండి. వంటాయన ఉల్లిపాయ ఇయ్యలా. ఇంటి కాడ నుంచి తెచ్చుకున్న ఎండుమిరగాయలు పెట్లో ఉన్నయి. ఉల్లిపాయకే వస్తే మిరగాయకి రాదా అని...”

“ఎన్ని పెట్టావు?”

“నాలుగండి. నానబెట్టి నూరి.”

చెంచయ్య నవ్వడం మొదలుపెట్టాడు. బల్ల పట్టుకుని, పంచె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అంత నవ్వులోనూ దేవకుమారి దూది నీళ్లలో ముంచడం ఆయన కంటపడింది. “నీళ్లు ముట్టించమాకండి సిస్టరు గారూ! కారం నీళ్లకి పోదు, ఇంకా పాకుద్ది. కొబ్బరినూనె పట్టించండి. తర్వాత పెరుగు. మిరపచేలో పుట్టినోడు గదా, ఆ మాత్రం తెలవదంట్రా నీకు?”

“తెలుసండి,” అన్నాడు పానకాలు.

ఆ మాట దేవకుమారికి ఎక్కడో తగిలింది. తెలుసు. పుట్టిన దగ్గర్నుంచి కళ్లాల్లో పెరిగినవాడు, మిరప చేత్తో కన్ను నులుముకుంటే ఏమవుతుందో నడక రాకముందే తెలిసినవాడు. అయినా నాలుగు కాయలు నూరి పెట్టుకున్నాడు.

రెండో చంకలో థర్మామీటరు పెట్టింది. డిగ్రీ కలిపినా తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. రిజిస్టరులో వీడి పేరు మీద అప్పటికే రెండు చీటీలున్నాయి. ఆమె కలం పట్టుకుని కాసేపు ఆగింది. నూటొకటి అని రాస్తే ఎవరు చూడొచ్చారు? కానీ ఎనిమిదేళ్లలో ఏ రోగి చార్టులోనూ ఆమె లేని అంకె వేయలేదు. ఆ చెయ్యి అబద్ధానికి సాగలేదు. ‘జ్వరం లేదు’ అని రాసింది. రాశాక ఆ రోజంతా తన మీద తనకే ఒళ్లుమంటగా ఉంది.

మర్నాడు మళ్లీ నూనె పట్టించడానికి పదికి పావుగంట ముందు రమ్మంది. పానకాలు వచ్చాడు. నూనె రాస్తూ ఉంటే పళ్లు బిగించి కూర్చున్నాడు. పాత అలవాటు కొద్దీ ఆమె వాడి మణికట్టు పట్టుకుని గోడ గడియారం వంక చూసింది. నిమిషానికి ఎనభై నాలుగు. బాగానే ఉంది. చెయ్యి వదలబోతుండగా బయట బెల్లు కొట్టారు.

ఆమె వేళ్ల కింద నాడి ఒక్కసారిగా ఎగిరింది. మొదట తన భ్రమ అనుకుంది. మళ్లీ లెక్కపెట్టింది. నూట ఇరవై. అరచేయి చల్లబడి, చెమట పట్టింది. ముఖం మాత్రం అలాగే ఉంది, ఎవరైనా చూస్తే హాయిగా కూర్చున్నాడనుకుంటారు.

“ఇలా ఎప్పటి నుంచి?” అంది.

“ఎట్టా అండి?”

“బెల్లు వినగానే గుండె ఇలా కొట్టుకోవడం.”

పానకాలు ఆమెను విచిత్రంగా చూశాడు. తన రహస్యం చేతిలో పట్టుకుని చూసినట్టు చెప్పిందేమిటా అనుకున్నాడో ఏమో, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఇక్కడ పిడికిలితో పట్టుకు పిసికినట్టు ఉంటదండి. ఊపిరాడదు. ముద్ద దిగదు. చచ్చిపోతానేమో అనిపించుద్ది. జొరం లేదు గదండి, ఎవరికి చెప్పుకోవాలో తెలవలా.”

చెంచయ్య ఏదో అనబోయాడు. దేవకుమారి కళ్లతోనే వద్దంది. ఆయన మూతి ముడుచుకుని జిగురు గిన్నె తీసుకుని వరండాలోకి పోయాడు.

అప్పుడు చెప్పుకొచ్చాడు కుర్రాడు. పది గంటలకు ఫిజిక్స్. మేష్టారు గంటసేపు ఇంగ్లీషులోనే చెబుతారు. హైస్కూల్లో అన్నీ తెలుగులోనే చదివాడు, స్కూలు మొత్తం మీద ఫస్టు వచ్చాడు. ఇక్కడ మొదటి రోజు నుంచీ ఏమీ అర్థం కాలేదు. అందరికీ అర్థమవుతోంది కాబోలు, అందరూ తలలూపుతున్నారని తనూ ఊపాడు. నవంబరులో ఒకరోజు కాస్త ఆలస్యంగా వెళ్లాడు. మేష్టారు ఏదో అడిగారు. లేచి “యెస్ సార్” అన్నాడు. మళ్లీ అడిగారు. మళ్లీ “యెస్ సార్” అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆయన అడిగింది ఎందుకు ఆలస్యమైందనట.

“అప్పటి నుంచి హాస్టల్లో నన్ను పేరెట్టి పిలవరండి. యెస్ సార్ అంటారు. అన్నం వడ్డించే ఆయన గూడా.”

దేవకుమారి వస్తున్న నవ్వు ఆపుకుంది. లేచి బీరువాలోంచి ఒక సీసా తీసి వాడి చేతికిచ్చింది. వెనక ఇంగ్లీషులో సన్నటి అక్షరాలతో చిన్న పురాణమంత ఉంది.

“చదువు.”

గొణుగుతూ చదివాడు.

“ఏమని?”

“బయటి పూతకేనండి. లోపలికి తాగగూడదు. ఎవరన్నా తాగితే వాంతి చేయించకుండా డాక్టర్ని పిలవాల. చల్లటిచోట, పిల్లలకి అందకుండా పెట్టాల.”

ఒక్క ముక్క తప్పు లేదు. ఆమె ఆ సీసా తీసుకుని, అవే మాటలు డాక్టరు గారిలా గబగబా పైకి చదివింది. వాడి ముఖంలో దీపం ఆరిపోయింది. ఆ పెదవుల మీదకు “యెస్” వచ్చేయడం ఆమెకు కనపడుతూనే ఉంది.

“నీకు ఇంగ్లీషు రాక కాదయ్యా. కంటికి వచ్చు, చెవికి రాలేదు. నాకూ అంతే. మిషను ఆసుపత్రిలో చేరినప్పుడు మా అమెరికా డాక్టరమ్మ మాట ఆరు నెలలు ఒక్కటీ బోధపడలేదు. అన్నిటికీ తలూపేదాన్ని. ఆవిడ కత్తెర అడిగితే దుప్పటి పట్టుకెళ్లాను.”

“మరి ఎట్టా వచ్చిందండి?”

“ఏడ్చి ఏడ్చి, ఒకరోజు అర్థం కాలేదని చెప్పాను.”

“తిట్టారా?”

“లేదు. మళ్లీ చెప్పింది.”

వాడు నమ్మలేదు. అంత తేలిగ్గా జరిగేదైతే నాలుగు నెలలు తానెందుకు చచ్చానని వాడి చూపు అడుగుతోంది.

బుధవారం ఉదయం ఆఫీసు తెరవగానే ఆమె నాడి అంకెలు కాగితం మీద రాసి ప్రిన్సిపాలు గారి గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. ఏడెనిమిది వందల మంది కుర్రాళ్లను ఒంటి చేత్తో నెట్టుకొస్తున్నాననే నమ్మకం ఉన్న మనిషి, ఆ నమ్మకం వల్ల ఎవరి మాటా పూర్తిగా వినడానికి తీరిక లేని మనిషి.

“చీటీలో నాడికి గడి లేదమ్మా,” అన్నాడు. “గుండె కొట్టుకోవడం జబ్బే అనుకుంటే పరీక్షల నాడు కాలేజీకి కాలేజీయే ఆసుపత్రి అవుతుంది. అయినా మీరే కదా జ్వరం లేదని రాశారు? ఉత్తరం నిన్ననే పోస్టయింది.”

మీరే కదా రాశారు అన్న మాట దేవకుమారి వెంట వరండా పొడవునా నడిచొచ్చింది. తన నిజాయితీతో తనే ఒక కుర్రాణ్ణి బస్సెక్కించి పంపబోతోంది. కానీ ఉత్తరం ఆ పల్లె చేరాలి, తండ్రి బయల్దేరాలి. మధ్యలో రెండు మూడు రోజులున్నాయి. వాటిని ఏం చేసుకోవాలో ఆమె నడుస్తూనే తేల్చుకుంది.

వెంటనే హాస్టలుకు కబురు పెట్టింది. ఆ రోజు నుంచి పానకాలు తొమ్మిదింటికే డిస్పెన్సరీకి వచ్చేవాడు. ఆ రోజు జరగబోయే పాఠం పుస్తకంలోంచి ముందే చదివేవారు. దేవకుమారికి ఫిజిక్సు రాదు, వాడికి వస్తుంది. ఆమె గట్టిగా చదివేది, వాడు కళ్లు మూసుకుని విని తెలుగులో చెప్పేవాడు. రానిచోట మళ్లీ చదివేది. “ఫోర్సు అంటే బలమండి,” అని వాడు వివరిస్తుంటే ఆమె నిజంగానే నేర్చుకునేది. చెంచయ్య మొదటి రోజు, ఇది మందుల కొట్టా బడా అని సణిగాడు. రెండో రోజు, తన కళ్లు సరిగా ఆనడం లేదని ఎవరూ అడక్కుండానే చెప్పి, సీసాల మీద చీటీలు వాడిచేత రాయించాడు. ‘పూటకు ఒక మోతాదు, భోజనం తర్వాత.’ ఇంగ్లీషులో వాడి దస్తూరి ముత్యాల్లా ఉంది. మూడో రోజుకు, తన వాటా మజ్జిగలో సగం వాడికి పోసి, “తాగి ఏడు,” అన్నాడు. ఆయన ప్రేమ అంతే.

బెల్లు కొట్టినప్పుడల్లా దేవకుమారి వాడి చెయ్యి పట్టుకునే ఉండేది, వచ్చిన అంకెను అదే కాగితం మీద వేసేది. బుధవారం నూట పద్దెనిమిది. గురువారం నూట పది. డాక్టరు గారు వచ్చినప్పుడు చెబితే, “బలానికి ఏదైనా రాయండి,” అని చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. శుక్రవారం నూటనాలుగు. ఆ మూడు రోజులూ వాడు క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుని వచ్చాడు. “సగం చిక్కిందండి ఇయ్యాళ,” అన్నాడు శుక్రవారం, ఆ సగాన్ని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు మెల్లిగా.

శనివారం తొమ్మిదిన్నరకు తండ్రి దిగాడు. యలమందయ్య. మోకాళ్ల కిందికి పంచె, భుజాన తువ్వాలు, మిరపకోత మధ్యలో లేచి వచ్చినట్టు గోళ్ల సందుల్లో ఎరుపు. డిస్పెన్సరీ అని ఎవరో చెబితే నేరుగా అక్కడికే వచ్చాడు. గుమ్మంలో కొడుకును చూసి, దగ్గరికొచ్చి, తల, భుజాలు, డొక్కలు వరసగా తడిమాడు.

“బతికే ఉండావురా? ఇంగిలీషులో కాయితం వచ్చిందిరా. మనకి ఇంగిలీషు కాయితం ఎందుకొచ్చుద్ది? ఏదో అయిపోయిందనే అనుకున్నాం. చదివేవోడు ఊళ్లో ఒక్కడు లేడు. పంతులు పెళ్లికి పోయాడు. మీ అమ్మ నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలా.” ఆ పైన దేవకుమారి వైపు తిరిగి చేతులు జోడించాడు. “నర్సమ్మా, ఏం జబ్బమ్మా మా వోడికి?”

ఆమె నోరు తెరిచేలోగా ఆఫీసు బంట్రోతు వచ్చాడు. ప్రిన్సిపాలు గారు తండ్రిని చూశారట, ముగ్గుర్నీ రమ్మంటున్నారట.

గదిలో యలమందయ్య కుర్చీ చూపించినా కూర్చోలేదు. చెమటకు మెత్తబడిన ఉత్తరాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. “ఇందులో ఏం రాశారో చెప్పండి బాబూ.”

ప్రిన్సిపాలు గారు దాన్ని తిరిగి పానకాలు వైపు తోశాడు. ఇంగ్లీషులోనే, చదివి మీ నాన్నకు తెలుగులో చెప్పు అన్నాడు. ఎవరి తప్పు వాడి నోటితో వాడే చెప్పుకుంటే బుద్ధి వస్తుందని ఆయన ఉద్దేశం. అబద్ధం చెప్పు నాయనా అనుకుంది దేవకుమారి లోపల, జీవితంలో మొదటిసారి. సెలవులిచ్చారని చెప్పు, మీ నాన్నకేం తెలుస్తుంది.

పానకాలు కాగితం తీసుకున్నాడు. ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, ఆగడం, తండ్రి వైపు తిరిగి చెప్పడం.

“అయ్యా, మీ కొడుకు పానకాలు మూడుసార్లు జబ్బని చెప్పి క్లాసు ఎగ్గొట్టాడు. పరీక్ష చేస్తే మూడుసార్లూ జొరం లేదు.” ఆగాడు. తరవాతి వాక్యంలో ఒక మాట దగ్గర నిలిచిపోయాడు. పెదవులు కదిలాయి. ఇప్పుడు “యెస్ సార్” అంటాడని దేవకుమారి భయపడింది.

“సార్, ఈ మాట నాకు తెలవదండి. అంటే ఏంటండి?”

ప్రిన్సిపాలు గారు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. “లేని జబ్బు ఉన్నట్టు నటించడం,” అన్నాడు. ఆయనకు తెలియకుండానే పాఠం చెప్పే గొంతు వచ్చింది.

పానకాలు తలూపాడు. “జబ్బు నటించానంట నాన్నా. అది నిజమే. మొన్న జొరం రావాలని చంకలో కారం పెట్టుకున్నా.” మళ్లీ కాగితంలోకి చూశాడు. “ఇతనికి కాలేజీ చదువు గ్రహించే శక్తి గానీ, శ్రద్ధ గానీ లేనందున, వెంటనే వచ్చి హాస్టలు ఖాళీ చేయించి తీసుకుపోగలరు.” కింద సంతకం ఎవరిదో కూడా చదివి, ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాడు.

యలమందయ్య ఆ కాగితం మీద చెయ్యి వేశాడు. కోపం తెచ్చుకోవాలో, కొట్టాలో, కాళ్లు పట్టుకోవాలో తెలియని ముఖం.

“నాకు తెలవక అడుగుతున్నా బాబూ,” అన్నాడు. “మా చుట్టుపక్కల నాలుగూళ్లలో ఎవురూ చదవలేని కాయితం. దాన్ని వీడు చదివి నాకు బోధపడేట్టు చెప్పాడు. తన మీద రాసిన చెడ్డ గూడా దాయకుండా చెప్పాడు. మరి వీడికి గ్రహించే శక్తి లేదని ఎట్టా రాశారు బాబూ?”

ప్రిన్సిపాలు గారు ఉత్తరం విప్పి ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాడు. తర్వాత దేవకుమారి వైపు చెయ్యి చాచాడు. “ఆ నాడి కాగితం ఏదీ?”

ఇచ్చింది. రోజు వారీగా అంకెలు చదువుకున్నాడు. “తగ్గుతూ వచ్చిందే. ఏం మందిచ్చారు?”

“మందేం లేదండి. కొబ్బరినూనె రాశాం. అదీ చంకకి.”

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వని మనిషి కాబట్టి అది నవ్వు అని చెప్పడానికి లేదు. ఉత్తరాన్ని తీసి సొరుగులో పడేశాడు. “పోవయ్యా, పది కొట్టి ఐదు నిమిషాలైంది,” అన్నాడు పానకాలుతో. తెలుగులోనే.

బెల్లు ఎప్పుడు కొట్టారో వాడికీ, ఆమెకూ ఇద్దరికీ తెలియలేదు.

యలమందయ్య బస్సుకు వెళ్లనన్నాడు. కొడుకు ఎక్కడ కూర్చుంటాడో చూసి వెళ్లి వాళ్లమ్మకు చెప్పాలట. దేవకుమారి ఆయన్ని ఫిజిక్స్ క్లాసు వెనక కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. లోపల మేష్టారు సుద్దముక్కతో బోర్డు నింపుతూ ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. చిన్న వయసు మనిషే. డెబ్బై ఎనభై తలలు లయగా ఊగుతున్నాయి.

“మీకు తెలుస్తందా అమ్మా?” అని గుసగుసగా అడిగాడు యలమందయ్య.

“కొంచెం.”

“నాకు ముక్క తెలవట్లా. వీళ్లంతా తలలూపుతున్నారు, గట్టోళ్లే.”

అప్పుడు వెనక బెంచీలో పానకాలు లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఇంకా కాస్త ఎడంగానే ఉంది. ఎవరో ముందు బెంచీలోంచి “యెస్ సార్!” అన్నారు, నవ్వులు లేచాయి. దేవకుమారి కిటికీ ఊచ పట్టుకుంది. వాడి నాడి ఇప్పుడు ఎంతుంటుందో ఆమెకు తెలుసు.

“సార్,” అన్నాడు పానకాలు. ఎవరికీ వినపడలేదు, మళ్లీ అన్నాడు. “నాకు అర్థం కాలేదండి.”

నవ్వులు ఆగిపోయాయి. మేష్టారి చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. “ఏది అర్థం కాలేదు?” అన్నాడు ఇంగ్లీషులో.

ఈసారి ప్రశ్న చెవికి అందింది. “మొదటి నుంచీ అండి.”

ఆయన కుర్రాణ్ణి చూశాడు, బోర్డును చూశాడు, క్లాసును చూశాడు. ఆయనకూ ఏదో అనుమానం వచ్చినట్టుంది. “ఇంకెవరికి అర్థం కాలేదు?” అన్నాడు తెలుగులో.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి కిటికీ పక్క బెంచీలో ఒకడు లేచాడు. తరవాత వాడి ముందువాడు. ఆ తరవాత బల్లలు కిర్రుమంటూ ఇద్దరు, నలుగురు, వరసకు వరస. ఇందాక “యెస్ సార్” అని అరిచినవాడు కూడా తల వంచుకుని లేచాడు. సగానికి పైగా క్లాసు నిలబడి ఉంది. ఒకరినొకరు కొత్తగా చూసుకుంటున్నారు.

యలమందయ్యకు భయం పట్టుకుంది. దేవకుమారి దగ్గరికి జరిగి, “ఏందమ్మా, అందర్నీ లేపి నిలబెట్టాడు? అందరూ తప్పు చేశారా?” అన్నాడు.

లోపల మేష్టారు బోర్డంతా తుడిచేసి, చేతులు దులుపుకుని, కొత్త సుద్దముక్క తీసుకున్నాడు.

“లేదు బాబాయ్ గారూ,” అంది దేవకుమారి. “పాఠం ఇప్పుడు మొదలెడుతున్నారు.”